ఆఫీసరు కోటులో మల్లయ్య

అది 1996. పటాన్‌చెరు మెయిన్ రోడ్డు మీద, టైర్ల దుకాణానికీ మందుల షాపుకూ మధ్య నా ఫోటో స్టూడియో ఉండేది. ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరేవాళ్లకు గేట్‌పాస్ ఫోటోలు, పదో తరగతి పిల్లలకు హాల్‌టికెట్ ఫోటోలు, పెళ్లిళ్లు, పుట్టినరోజులు మా రోజువారీ పని. వీటన్నిటికన్నా నమ్మకంగా వచ్చే పని ఇంకొకటుండేది. అది చనిపోయినవాళ్ల ఫోటోలు చేయడం. బతికున్నంతకాలం ఫోటో దిగే తీరిక దొరకని మనిషికి కూడా పోయిన పదో రోజుకల్లా గోడ మీద పెద్ద ఫోటో కావాలి. దాన్ని మేమెలా తయారుచేస్తామో బయటివాళ్లకు అంతగా తెలియదు. తెలియకపోవడమే మాకూ మంచిదనుకునేవాణ్ణి.

నా ఖాతాదారుల్లో వెంకట్రావు సారు ఒక వింత మనిషి. గోదావరి జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై ఏళ్లు గీతలు గీసి, రిటైరై బీరంగూడలో ఇల్లు కట్టుకున్నారు. ఆయనకున్న పిచ్చల్లా పాత ఫోటోలే. అందులోనూ అన్నీ పనికిరావు. వందేళ్ల కింద, బర్మాకో ఆఫ్ఘనిస్తాన్‌కో యుద్ధానికి బయలుదేరే ముందు సైన్యంలోని ఆఫీసర్లు స్టూడియోకి వెళ్లి దిగిన ఫోటోలు మాత్రమే కావాలి. హైదరాబాదు పాత సామాన్ల బజార్లలో, సికింద్రాబాద్, బొల్లారం తుక్కు దుకాణాల్లో తిరిగి ఒక్కొక్కటీ పోగుచేశారు. వాటికి కాపీలు తీయించుకోవడానికి నా దగ్గరకు వచ్చేవారు.

ఆ ఫోటోలను క్యాబినెట్ కార్డులంటారని ఆయనే చెప్పారు. పోస్టుకార్డు కన్నా కాస్త పెద్దదైన మందపాటి అట్ట, దాని మీద అంటించిన పల్చటి ఫోటో. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింటు వేసేవారట, అందుకే ఆ గోధుమ రంగు, ఆ నునుపు. అట్ట వెనక ఫోటో తీసిన స్టూడియో పేరు పూలతీగల మధ్య అచ్చేసి ఉంటుంది. చాలాసార్లు దిగిన మనిషి పేరు కూడా పెన్సిలుతో రాసి ఉంటుంది. అందుకే సారు చేతికి ఏ ఫోటో ఇచ్చినా ముందు వెనక్కి తిప్పేవారు.

"నలభై మందిని పోగుచేశాను యాదగిరీ, నలభై మందీ దొరలే" అనేవారు. "వాళ్ల పక్కన నిలబడి పోరాడిన మనవాళ్లలో కూడా ఆఫీసర్లు ఉండేవారయ్యా. సుబేదార్లు, రిసల్దార్లు. వాళ్లూ ఫోటోలు దిగారు. తిరిగొస్తామో రామో, ఇంట్లోవాళ్లకు మొహమైనా మిగలాలని దిగేవారు. ఒక్కడంటే ఒక్కడు దొరకడం లేదు."

ఆ వానాకాలం చివర్లో, ఒక సోమవారం పొద్దున, నేను షట్టరు ఎత్తుతుండగానే స్కూటరు ఆపి దిగారు. చంకలో పాత కాగితంలో చుట్టిన ఫ్రేము ఉంది. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"దొరికాడయ్యా మనవాడు!"

కాగితం విప్పి కౌంటరు మీద పెట్టారు. పగిలిన అద్దం వెనక నడుము దాకా ఉన్న సైనికాధికారి బొమ్మ. ముదురు రంగు కోటు, ఎడమ రొమ్ము మీద రెండు పతకాలు, కత్తి పిడి మీద చెయ్యి. మీసం, చిక్కిన బుగ్గలు, నుదుటి మీద నుంచి వెనక్కి దువ్విన జుట్టు. అచ్చం మన ఊళ్లలో కనబడే ముఖం.

"ఇస్నాపూర్ చౌరస్తా తుక్కు దుకాణంలో దొరికింది. పాత ఫోటోలొస్తే తీసిపెట్టమని వాడికి ఎప్పుడో చెప్పాను. ఇది కాపీయేలే, ఈమధ్య కాలపు బ్రోమైడ్ పేపరు. ఎవరో అసలు ఫోటో నుంచి కాపీ తీయించుకున్నారు. కానీ కోటు చూడు, నూటికి నూరుపాళ్లు ఆ కాలానిదే. అంటే అసలు ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకోవాలి."

జేబులోంచి ట్రేసింగ్ కాగితం తీసి పరిచారు. డ్రాయింగ్ ఆఫీసు మనిషి కదా, అప్పటికే కోటును కొలతలతో గీసి ప్రతి గుండీకీ నంబరు వేశారు.

"ఏడు గుండీలు. కింది అయిదూ ఉబ్బుగా ఉన్నాయి, మధ్యలో ముద్ర ఉంది. పై రెండూ చదును, ఒక్కోదానికి నాలుగు రంధ్రాలు. ఇలాంటివి ఏ పుస్తకంలోనూ లేవయ్యా. ఏదో చిన్న దళానికి మాత్రమే ఇచ్చిన ప్రత్యేకమైన గుర్తయి ఉండాలి."

ఆ నాలుగు రంధ్రాల గుండీలు నేను గీసినవే. నేను వేసుకున్న చొక్కా గుండీలు చూసి గీశాను.

సారు తన ధోరణిలోనే ఉన్నారు. ఒక పత్రికవాళ్లు ఆదివారం పేజీలో వేస్తామన్నారని, 'ఈ సుబేదారు ఎవరు?' అని వ్యాసం రాశానని, గురువారానికల్లా మంచి కాపీ కావాలని చెప్పి వెళ్లిపోయారు. నేను ఫ్రేమును సొరుగులో పెట్టాను.

ఇక్కడ మా పనితనం గురించి కొంచెం చెప్పాలి. చనిపోయిన మనిషికి సరైన ఫోటో లేకపోతే, గేట్‌పాస్ మీదిదో, పెళ్లి గ్రూపులో మూలన ఉన్నదో తీసుకుని తల మటుకు పెద్దది చేసేవాళ్లం. దాన్ని బ్లేడుతో కోసి, అంచు వెనక గరుకు కాగితంతో పల్చగా రుద్ది, వేరే మనిషి కోటు ఫోటో మీద అతికించేవాళ్లం. అతుకు కనబడకుండా సన్న బ్రష్షుతో సిరా అద్ది, మొత్తాన్ని మళ్లీ ఫోటో తీసేవాళ్లం. ఇలా వాడే తలలేని కోటు ఫోటోలను 'బాడీ'లంటాం. నా దగ్గర బిస్కెట్ డబ్బా నిండా బాడీలుండేవి. సూటు, షేర్వాణీ, పట్టుచీర, కండువా, ఎవరికి ఏది కావాలంటే అది.

స్టూడియో పెట్టిన కొత్తలో పాత టేకు ఫ్రేముల కోసం తుక్కు కొనేవాణ్ణి. ఫ్రేము ఉంచుకుని లోపలి ఫోటోలు పారేయడం మాకు అలవాటు. అలా ఒక ఫ్రేములో వచ్చింది ఆ ఆఫీసరు కార్డు. కోటు బాగుంది, పతకాలున్నాయి, వెలుగు ఎదురుగా పడింది కాబట్టి ఏ గేట్‌పాస్ తలకైనా అతుకుతుంది. పైగా అట్ట గట్టిది, నలగదు. నిజానికి ముందు దానికి కాపీ తీసి ఆ కాపీని కోయాలి. ఒక కాగితం ఆదా అవుతుందని, అసలునే భుజాల వెంట, కాలరు వెంట బ్లేడుతో కోసేశాను. ఆయనకు పొడవైన గడ్డం ఉండేది. దాని కొసలు రొమ్ము మీద మిగిలిపోయాయి. వాటిని కప్పడానికే పై రెండు గుండీలు గీశాను.

ఆ కోటు తరవాత ఆరుగురికి తొడిగాను. రుద్రారంలో ఒక బడిపంతులు కూడా అందులో ఉన్నాడు, ఆయనకు పతకాలు మాత్రం చెరిపేశాను. సారు తెచ్చిన ఫ్రేములో ఉన్నది పాశమైలారం పక్క ఊరి మల్లయ్య. కెమికల్ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసి, 1983లో పోయాడు. సారు ఆనందం చూస్తూ ఆయన అనుకుంటున్న సుబేదారు ఒక వాచ్‌మన్ అని ఎలా చెప్పను? కాపీ తీసి ఇచ్చేస్తే ఎవరికీ తెలియదు కదా అని ఆ రోజంతా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మంగళవారం మల్లయ్య భార్య అంజమ్మవ్వ వచ్చింది. ఊరి నుంచి ఆటోలో వచ్చిందట, మెట్ల మీదే కూలబడింది.

"కొడుకా, ఆయన ఫోటువ పోయింది. ఇంటికి సున్నం ఏస్తుంటిమి. సామానంత బయట వెట్టినం. అద్దం పగిలిందని మా కోడలు పిల్ల పాత సామాన్ల బండికి ఏసి గిన్నె తీసుకున్నదట. ఎర్కలేక చేసింది, ఏమంటం? ఎల్లుండి కాక ఆవలెల్లుండి పెత్రమాస. ఫోటువ ముంగట ఇస్తరి వెట్టకుంటె నాకు బువ్వ దిగదు. నీ దగ్గర రీలు ఉంటదంటరు గద, మల్లొకటి తీసియ్యి."

పెత్రమాస అంటే మా వైపు పితృ అమావాస్య. పోయినవాళ్ల పేర్లు తలుచుకుని బియ్యం ఇచ్చి, వాళ్లకు ఇష్టమైనవి వండి ఫోటో ముందు పెడతారు. అవ్వ అడిగిన నెగెటివ్ కోసం కవరు తీశాను. పైకప్పు కురిసి ఆ వరసంతా బూజుపట్టి అంటుకుపోయింది. మల్లయ్య గేట్‌పాస్ ఎప్పుడో పోయింది. అంటే లోకంలో మల్లయ్య ముఖం మిగిలింది నా సొరుగులో ఉన్న ఆ ఒక్క కాగితం మీదే.

"చేసిస్త అవ్వా. శుక్రారం లోపల ఇస్త" అన్నాను.

"గదే కోటుతోని చెయ్యి కొడుకా. గా కోటు ఆయనకు మంచిగ ఒప్పుతది."

ఆమె వెళ్లాక నాకు ఆదివారం పేపరు కళ్ల ముందు మెదిలింది. వాళ్ల ఊరి హోటల్లో పొద్దున్నే పది మంది పేపరు చదువుతారు. 'ఈ సుబేదారు ఎవరు?' అనే అక్షరాల కింద వాచ్‌మన్ మల్లయ్య కనబడితే ఊరంతా విరగబడి నవ్వుతుంది. ఆ నవ్వు సారును తాకేది తరవాత. ముందు తాకేది అంజమ్మవ్వనే. మొగుణ్ణి దొంగ దొరను చేసిందని ఆమెను జీవితాంతం ఆడిపోసుకుంటారు. ఇక దాచే వీలు లేదని అర్థమైంది. సిగ్గుగానే ఉంది, భయంగానూ ఉంది.

బుధవారం మధ్యాహ్నం షట్టరు దించి, ఫ్రేమూ బిస్కెట్ డబ్బా తీసుకుని బీరంగూడ వెళ్లాను. సారు వరండాలో వ్యాసం సాపు రాస్తున్నారు. కుర్చీ చూపించారు కానీ నేను కూర్చోలేదు.

"సార్, పై రెండు గుండీలు నేను గీసిన. ఈయన సుబేదారు కాదు. మల్లయ్య అని, వాచ్‌మన్. తల అతికిచ్చిన."

ఆయన ముందు నవ్వారు. నేను డబ్బాలోంచి తలలేని కార్డు తీసి బల్ల మీద పెట్టాక నవ్వు ఆగిపోయింది. భూతద్దం తీసుకుని కార్డు మీదకు వంగారు. చాలాసేపు లేవలేదు. ఆయన వెతికిన అసలు ఫోటో, కోడిగుడ్డు సొన కాగితం మీద వేసిన నిజమైన ప్రింటు, నా బ్లేడు గాట్లతో ఆయన ముందే ఉంది.

"తల ఏది?"

"పారేసిన సార్."

"ఎక్కడ?"

"చెత్తల. పదిహేనేండ్లాయె."

"దొరా? మనవాడా?"

"మనోడే సార్. పెద్ద తలపాగ ఉండె. గడ్డం ఉండె."

ఆయన కళ్లు మూసుకున్నారు. తరవాత అలవాటు కొద్దీ కార్డును వెనక్కి తిప్పారు. పూలతీగల అచ్చు కింది అంచున ఉంది, సికింద్రాబాద్ అన్న మాటతో సహా. దాని పైన పెన్సిలుతో ఇంగ్లీషులో ఒక పంక్తి ఉంది. సారు పైకి చదివారు. 'బర్మాకు బయలుదేరే ముందు' అని. ఆ పైన ఇంకో పంక్తి ఉండేదని అక్షరాల తోకల్ని బట్టి తెలుస్తోంది. ఆ తోకల దగ్గరే నా బ్లేడు నడిచింది.

"పేరు సరిగ్గా తల వెనకే రాశారు. తలతో పాటు పేరు కూడా కోసేశావు" అన్నారు. గొంతు పెంచలేదు. "ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నానయ్యా ఇతని కోసం. నీ దగ్గర కాపీలు తీయించుకుంటూ, నీ కుర్చీలో కూర్చుని, నీ డబ్బాకి రెండు గజాల దూరంలో వెతికాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "కాయితం ఆదా అయితదని కోసిన సార్" అన్నాను. ఆయన వ్యాసం కాగితాలను నిలువుగా మడిచి సొరుగులో పెట్టి, పత్రికవాళ్లకు ఫోను చేసి పొరపాటు జరిగిందని చెప్పారు. అవతలివాళ్లు ఏం పొరపాటని అడిగినట్టున్నారు, "నాదే" అని పెట్టేశారు. నా పేరు చెప్పలేదు. ఆ మర్యాదకు నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను.

ఫ్రేముకు కొత్త అద్దం వేయించమన్నారు. మల్లయ్య ఫోటోను తానే స్వయంగా ఇచ్చి వస్తానన్నారు. గురువారం సాయంత్రం ఆయన స్కూటరు మీద ఇద్దరం వెళ్లాం. తలలేని కార్డు ఆయన చేతిసంచిలో ఉంది.

అంజమ్మవ్వ ఫోటో చూడగానే కొంగుతో అద్దం తుడిచి కళ్లకు అద్దుకుంది. కోడలు లోపలి నుంచి తొంగిచూసి ఊపిరి పీల్చుకుంది. అవ్వ మాకు చాయ్ పెట్టించింది. సారు ఉండబట్టలేక జరిగిందంతా చెప్పారు. నేను అడ్డుపడబోయాను. ఆ ముసలామె దగ్గర మొగుడి కోటు కూడా లాగేసుకున్నట్టవుతుందని నా బాధ.

అవ్వ నావైపు చూసి నవ్వింది. "గింతేనా? గా కోటు ఆయనది కాదని నాకెర్కలేదా కొడుకా? ఆయన జిందగీల ఖాకీ అంగి తప్ప ఏమన్న తొడిగిండా? నాకు మొకం ఉన్నది, సాలు."

సారు సంచిలోంచి కార్డు తీసి ఆమె చేతికిచ్చారు. దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని చూసింది. వేలితో కోటు మీద నుంచి కాలరు దాకా వచ్చి, అక్కడ ఆగింది.

"ఈయనకు పెండ్లాం పిల్లలు లేకుండెనా సారు?"

"ఉండే ఉంటారమ్మా. యుద్ధానికి పోతూ వాళ్ల కోసమే దిగి ఉంటాడు."

"మల్ల గాల్లు ఏ ఫోటువకు మొక్కాలె?"

నా పనిలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ కార్డులో నేను కోటును చూశాను. సారు ఆ కాలపు సైన్యాన్ని చూశారు. అందులో ఒకరి మొగుడున్నాడని చూసింది అంజమ్మవ్వ ఒక్కతే.

"ఆయన పేరేంది?" అంది మళ్లీ.

"పేరు పోయిందవ్వా. నేనే కోసిన" అన్నాను.

సారు ఆ కార్డును తన ఆల్బంలో నలభై ఒకటోదిగా పెట్టుకున్నారు. దాని కింద ఏమీ రాయలేదు. నేను మాత్రం బాడీల డబ్బాలో అసలు ఫోటోలు ఇంకేమైనా ఉన్నాయేమోనని వెతికాను. ఇంకో రెండు దొరికాయి, ఒక షేర్వాణీ, ఒక చీర. వాటి తలలూ లేవు. ఆ తరవాత ఎంత తొందర పని అయినా ఎవరి అసలు ఫోటోకూ బ్లేడు తగలనివ్వలేదు. ముందు కాపీ తీసి, వెనక ఏమైనా రాసి ఉంటే పుస్తకంలో ఎక్కించి, ఆ తరవాతే పని మొదలుపెట్టేవాణ్ణి. కంప్యూటర్లు వచ్చాక తల మార్చడం చిటికెలో పని అయింది, బ్లేడుతో అవసరమే లేదు. అయినా ఆ పుస్తకం మానలేదు.

పెత్రమాస అయిన వారానికి అంజమ్మవ్వ సంతకు వచ్చి, పోతూ పోతూ స్టూడియోలో కాసేపు కూర్చుంది. మల్లయ్యకు గారెలు, మటన్ కూర వండి పెట్టిందట. పక్కన ఇంకో విస్తరి కూడా వేసిందట.

"గాయనకు సుత ఏసిన కొడుకా. పదమూడేండ్లు ఆయన కోటు వాడుకుంటిమి గద. పేరు ఎర్కలేకపాయె. 'ఓ కోటాయనా, రా' అని పిలిచిన. వచ్చిండో రాలేదో నాకేమెర్క? నువ్వుంటె నీకు ఎర్కపడుతుండె. ఆయన మొకం సూసినోనివి నువ్వే గద."

ఆమె మాట నిజమే. ఆ ముఖాన్ని చూసినవాళ్లలో బతికున్నది బహుశా నేనొక్కణ్ణే. నా చేత్తో పట్టుకుని, వెలుతురులో పెట్టి, చుట్టూ బ్లేడు నడిపినవాణ్ణి. ఇన్నేళ్లుగా ఎంత తలుచుకున్నా నాకు ఆ గడ్డం గుర్తొస్తుంది, తలపాగా గుర్తొస్తుంది. ముఖం మాత్రం గుర్తురాదు, నేను అసలు చూడనే లేదు.